కోటమ్మ ఏటా ఎక్కడికి వెళ్ళేదో తెలిసింది, అమ్మమ్మా

బురైదా, సౌదీ అరేబియా,
ఫిబ్రవరి 2005

అమ్మమ్మా,

నేను, సునీతని. ఒంట్లో బాగానే ఉంది. నువ్వు పోయి ఏడాదీ నాలుగు నెలలైంది.

ఇంత ఆలస్యంగా రాస్తున్నానని కోప్పడకు. నీకెటూ చదువు రాదు... ఇదివరకు నా ఉత్తరాలు నా బిడ్డ స్నేహ చదివి వినిపించేది. నువ్వు మంచం మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుని వినేదానివి. అది ఒక ముక్క ఎగరగొడితే నీకెలా తెలిసేదో గాని, "మళ్ళీ చదువు, మీ అమ్మ అట్టా రాయదు" అనేదానివంట. ఇప్పుడు దీన్ని నీకెవరు చదివిపెడతారు? తెలీదు. రాయకుండా మాత్రం ఉండలేకపోయాను.

ముందు ఒక సంగతి చెప్పేస్తే గాని మిగతాది రాయలేను. నువ్వు పోయినప్పుడు నేను రాలేదు. తమ్ముడు యోహాను ఫోన్ చేసి, "అక్కా, ఒక రోజు ఆపుతాం, ఎలాగైనా రా" అన్నాడు. నా పాస్‌పోర్టు ఆసుపత్రి ఆఫీసులో ఉంటుంది. ఊరెళ్ళి రావడానికిచ్చే ఎగ్జిట్ రీ-ఎంట్రీ కాగితం మీద సంతకం పెట్టాల్సిన మనిషి ఊళ్ళో లేడు. ఆయన వచ్చి సంతకం పెట్టేసరికి నిన్ను మట్టిలో పెట్టి నాలుగు రోజులైంది. ఇక వచ్చి ఏం చేస్తానులే అనుకున్నాను. ఆ రోజు కూడా డ్యూటీకి వెళ్ళాను. రోగులకి కట్లు మార్చాను. ఏడుపు రాలేదు. ఇప్పటిదాకా సరిగ్గా రాలేదు...

సరే. ఇప్పుడు రాయడానికి కారణం వేరే ఉంది.

కోటమ్మ సంగతి తెలిసింది అమ్మమ్మా. మీ అమ్మమ్మ రూతమ్మని కన్న తల్లి కోటమ్మ. నువ్వు నాకు నా చిన్నప్పుడు చెప్పిన కోటమ్మే.

నీకు గుర్తుందా, పొగాకు కంపెనీలో గ్రేడింగ్ పనికి వెళ్తూ నన్నూ వెంట తీసుకుపోయేదానివి. అమ్మ పోయిన కొత్త. నాకు ఏడేళ్ళు. నువ్వు ఆకు పట్టుకుని వెలుగుకి ఎత్తి చూసి, ఒకటి ఇటు, ఒకటి అటు పడేస్తూ కథ చెప్పేదానివి. నీ చీర కొంగంతా పొగాకు ఘాటు. ఇప్పటికీ, సిగరెట్టు వాసనకి కాదు గాని, ఎవరైనా పొగాకు ఆకు నలిపితే... నేను ఏడేళ్ళ పిల్లనైపోతాను.

"ధాత కరువప్పుడు" అని మొదలుపెట్టేదానివి. "గింజ లేదు, చుక్క నీళ్ళు లేవు. కోటమ్మ మొగుడు చచ్చిపోయాడు. ఇద్దరు ఆడపిల్లలు. పెద్దదానికి ఐదేళ్ళు, చిన్నది చంకలో. సముద్రం పక్కన కాలవ తవ్వుతున్నారు, మట్టి మోస్తే గంజి పోస్తారని విని వెలిగొండలు దాటి వచ్చింది. బయల్దేరినప్పుడు ఇద్దరు పిల్లలు. చేరేసరికి ఒక్కటే."

పెద్దది ఏమైందని నేను ప్రతిసారీ అడిగేదాన్ని. నువ్వు ప్రతిసారీ ఒకే మాట చెప్పేదానివి. "బోడిమానుపల్లెలో వదిలేసిందంట. కన్నబిడ్డని వదిలేసిన మనిషి ఎందుకు వదిలేసిందో ఎవరికి చెప్పుకుంటుంది?"

చంకలో వచ్చిన చిన్నదే రూతమ్మ. కాలవ పనిలోనే కోటమ్మ దేవుణ్ణి నమ్ముకుంది, పిల్లకి బాప్తిస్మం ఇప్పించి రూతు అని పేరు పెట్టింది. అంతవరకూ బాగానే చెప్పేదానివి. ఆ తర్వాత నీ గొంతు మారిపోయేది. ఏటా ఎండాకాలం వచ్చేసరికి కోటమ్మకి కాలు నిలిచేది కాదంట. ఎండు చేపలు మూట కట్టుకుని ఎటో వెళ్ళిపోయేదంట. నెలకో నెలన్నరకో తిరిగొచ్చేదంట, అరికాళ్ళు పగిలిపోయి. ఎక్కడికెళ్ళావంటే నోరు విప్పేది కాదు. పల్లెలో అందరూ పిచ్చి కోటమ్మ అనేవాళ్ళు. రూతమ్మని వాళ్ళింట్లో వీళ్ళింట్లో పెట్టి పోయేది. "గంజిలోకి ఒక్క చేప ముక్క పెట్టవే అని ఏడ్చినా పెట్టేది కాదంట. అన్నీ మూటలోకే. మా అమ్మమ్మ ముసలిదై మంచాన పడినా ఆ చేపల సంగతే చెప్పేది" అనేదానివి.

"బిడ్డని వదిలేసిన పాపం, ఒకచోట నిలవనిస్తుందా?" అనేదానివి.

ఆ మాట ఒకసారి నన్ను కూడా అన్నావు. మర్చిపోయావా?

స్నేహ వాళ్ళ నాన్న లారీ కింద పడి పోయిన సంవత్సరం. దానికి పధ్నాలుగు నెలలు. నాకు ఇక్కడ నర్సు ఉద్యోగం వచ్చింది. సూట్‌కేసు సర్దుకుంటుంటే నువ్వు గుమ్మంలో నిలబడి, "ఆ కోటమ్మ రక్తం నీలో తేలిందే" అన్నావు. తెల్లారి ఒంగోలు బస్టాండులో బస్సు కదిలేటప్పుడు స్నేహని చంకనేసుకుని అటు తిరిగి నిలబడ్డావు, పిల్లకి నేను కనబడకుండా. అది ఇటు తిరగాలని మెడ సాచడం నేను కిటికీలోంచి చూశాను.

నువ్వు దాన్ని నాకంటే బాగా పెంచావు. నాకు తెలుసు. కానీ ఆ మాట మాత్రం... ఎనిమిదేళ్ళు నాతోపాటే డ్యూటీకొచ్చింది అమ్మమ్మా.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

పోయిన రంజాను వెళ్ళిన వారానికి మా ఆడవాళ్ళ వార్డుకి ఒకామెను తీసుకొచ్చారు. నలభై నలభై ఐదేళ్ళుంటాయి. ఊరి చివర ఖర్జూరం తోట ఉన్న ఒక సౌదీ ఇంట్లో వంటమనిషి. కడుపు పట్టుకుని మెలికలు తిరిగిపోతోంది. అరబీ ముక్కలు నాలుగు తప్ప రావు, హిందీ రాదు. నొప్పికి తన భాషలో అరుస్తుంటే ఎవరికీ అర్థం కాలేదు. మా ఇన్‌చార్జి ఫిలిప్పీను ఆమె, నా కోసం మనిషిని పంపింది. నేను తలుపు దగ్గరికొచ్చేసరికే వినబడింది... "ఓయమ్మో, కడుపులో పేగులు తెగిపోతాండాయమ్మో!"

ఇక్కడ తెలుగు అలా హఠాత్తుగా వినబడితే ఎలా ఉంటుందో నీకెలా చెప్పను? ముందు ఆమె చెయ్యి పట్టుకున్నాను. తర్వాత భాష గుర్తొచ్చింది.

పిత్తాశయంలో రాళ్ళు. మర్నాడు ఆపరేషన్. ఆమె ఇకామా, అదే ఇక్కడ ఉండటానికిచ్చే కార్డు, చూసి కాగితాలు నింపుతూ, ఊరికే, మాటల్లో పెడదామని, మీదే ఊరమ్మా అనడిగాను. కడప జిల్లా అంది. కడపలో ఎక్కడ అంటే బద్వేలు దగ్గర అంది. బద్వేలు దగ్గర ఏ ఊరంటే ఆ నొప్పిలోనూ నవ్వింది.

"నీకు తెల్దులేమ్మా, శానా చిన్నూరు. బోడిమానుపల్లె."

ఆ పేరు కాగితం మీద రెండుసార్లు రాశాను.

అప్పుడేమీ అడగలేదు. ఆపరేషన్ అయ్యి, కాస్త లేచి కూర్చున్నాక, నాలుగో రోజున చెప్పాను. ఆమె పేరు హుస్సేనమ్మ. దూదేకులవాళ్ళు. ఆ ఊళ్ళో వాళ్ళవి నాలుగే ఇళ్ళంట. ఎప్పుడో కరువులో మీ ఊళ్ళో ఎవరైనా ఒక ఆడపిల్లని వదిలేసి పోయారా, ఎప్పుడైనా విన్నావా అని అడిగాను. ఆమె దిండు మీద నుంచి తల ఎత్తి నన్నే చూసింది.

"మా నాయనకు జేజి ఒకాయమ్మ ఉన్నింది. దొరికిన పీరమ్మ అంటారు. ఎట్ల దొరికిందో నాకు తెల్దు. మా ఖాసింబీ అత్తకు తెలుసు."

దొరికిన పీరమ్మ... మనం వదిలేసిన పిల్ల అని చెప్పుకుంటుంటే, కొండలకి అవతల దొరికిన పిల్ల అని చెప్పుకుంటున్నారు.

ఖాసింబీ అంటే హుస్సేనమ్మకి మేనత్త, ఎనభై ఏళ్ళది. పీరమ్మ ఆమెకి సొంత నాయనమ్మ. పీరమ్మ పోయేనాటికి ఖాసింబీకి ఇరవై ఏళ్ళు, అంటే ఆ నోటి నుంచే అన్నీ విన్న మనిషి. కానీ ఫోన్లో ఆమెకి వినబడదు. అందుకని హుస్సేనమ్మ వాళ్ళింటికి కబురు పెట్టింది, అత్త చేత క్యాసెట్లో మాట్లాడించి పంపమని. సెలవు నుంచి తిరిగొచ్చే బద్వేలు డ్రైవరొకాయన దాన్ని తెచ్చాడు. నెలా పదిహేను రోజులు పట్టింది. ఆ నెలా పదిహేను రోజులూ నేను ఏం తిన్నానో నాకు గుర్తులేదు.

నాకు భయమేసింది అమ్మమ్మా. వింటే ఏం వినాల్సొస్తుందో అని. నిజంగానే విసిరేసి పోయిందని ఉంటే? ఆ మాట ఇక నన్నెప్పటికీ వదలదు కదా...

హుస్సేనమ్మ ఆపరేషన్ చేసిన చోటు మళ్ళీ చూపించుకోడానికి వచ్చినప్పుడు అబాయా లోపల్నించి క్యాసెట్ తీసింది. ఆమెతోపాటు ఆ ఇంటి ముసలావిడ వచ్చింది, కఫీలు తల్లి. పనిలో పెట్టుకున్న యజమానిని ఇక్కడ కఫీలంటారు. ఆవిడ ఆడవాళ్ళ వెయిటింగు హాల్లో ఓ మూల కూర్చుంది. నేను నా గదిలో ఉండే మలయాళీ అమ్మాయి దగ్గర వాక్‌మన్ అడిగి తెచ్చుకున్నాను. వినే తీగకి రెండు కొసలుంటాయి కదా, ఒకటి నా చెవిలో, ఒకటి హుస్సేనమ్మ చెవిలో. తలలు ఆనించుకుని కూర్చున్నాం.

ముందు గాలి శబ్దం. కోడి కూత. తర్వాత ముసలి గొంతు. నీ గొంతు లాగే ఉంది, కొంచెం గరగర.

"హుస్సేనీ... బాగుండావా మే? నీ కడుపు కోసినారంటనే నాకు కూడు దిగల్యా. ఆ నర్సమ్మ పక్కనుందా? నర్సమ్మా, నువ్వెవరో నాకు తెల్దు. మా జేజి నాకు చెప్పింది నీకు చెప్తాండా, ఇనుకో తల్లీ.

"కరువులో ఒకాయమ్మ ఇద్దరు బిడ్డల్నేసుకోని వచ్చి మా ఇంటి ముందర కూలబడిపాయనంట. పెద్ద పాపకు జరం, ఒళ్ళు కాలిపోతా ఉన్నింది. మా ముత్తవ్వ కుండలో ఉండే అంబలి పోసె. ఆయమ్మ ముందు బిడ్డలకే తాపె. కొండ దాటాలంటే రెండు దినాలు నడవల్ల. జరంతో ఉండే బిడ్డను ఎత్తుకోని ఎక్కితే కొండలోనే పోతాది. ఆగిపోదామంటే చంకలో బిడ్డకు పాలు ల్యావు, మా ఇంట్లో గింజల్యావు. అప్పుడు ఆయమ్మ మా ముత్తవ్వ కాళ్ళు పట్టుకునె. 'మమ్మల్ని ఎవురూ ముట్టుకోరు, మీరు అంబలి పోసినారు. ఈ బిడ్డను బతికించక్కా, నేను మల్లొచ్చా' అనె.

"మల్ల వచ్చె. రెండేండ్లకు వానలు పడినంక వచ్చె. పాప మర్సిపోయింది తల్లీ. మా ముత్తవ్వ కొంగు ఎనకాల దాంకునె. మా ముత్తవ్వకు బిడ్డల్లేరు. యాడ తీసకపోతాదో అని ఏడ్చె. ఆయమ్మ దినమంతా అరుగు మీద కూసోని, పొద్దు గుంకే యాళకు, 'బిడ్డ నీ కాడనే ఉండనీ అక్కా. ఏడాదికొకతూరి నన్ను సూసిపోనీ, సాలు' అనె."

ఇక్కడ హుస్సేనమ్మ నా మోకాలు గట్టిగా పట్టుకుంది.

"అప్పట్నించి ప్రతి ఏడూ వస్తా ఉన్నింది. వచ్చేటప్పుడు ఎండు చేపలు తెస్తా ఉన్నింది. మా సీమలో సముద్రం చేపలు యాడుండాయి? మా జేజికి అవంటే పానం..."

నేను క్యాసెట్ ఆపేశాను అమ్మమ్మా. ఎండు చేపలు! ఆ మూట... మన రూతమ్మకి ఒక్క ముక్క పెట్టకుండా కట్టుకుపోయిన మూట. నువ్వు పొగాకు ఆకులు విసురుగా పడేస్తూ చెప్పిన మూట. అది వెలిగొండలెక్కి దిగి ఎక్కడికి పోయేదో, ఎవరు తినేవాళ్ళో, ఈ ఎడారిలో ఒక ఆసుపత్రి బెంచీ మీద కూర్చుని నేను వింటున్నాను. నీకు కదా ఇది వినబడాల్సింది?

కాసేపటికి హుస్సేనమ్మే చెయ్యి చాపి మళ్ళీ బటన్ నొక్కింది.

"పది పదైదు దినాలు ఉంటా ఉన్నింది. దూదిలో గింజలు తీసి పెడతా ఉన్నింది. పాపను పక్కలో పండుకోబెట్టుకుంటా ఉన్నింది. పాప ఆయమ్మను కాలవ పిన్నమ్మా అని పిలిసేది. తల్లి అని ఎవురూ చెప్పల్యా. ఆయమ్మే చెప్పొద్దనె. మా జేజికి పెండ్లయ్యి, తొలి కాన్పు ఆయమ్మ చేతులమీదనే ఆయె. అప్పుడు మా ముత్తవ్వ ఉండబట్టల్యాక నోరిడిసి చెప్పె, ఈమె మీయమ్మనే అని. మా జేజి ఏమనెనో తెలుసునా? 'నాకు తెలుసు' అనె. అంతే. మల్ల ఇంగేం మాట్లాడల్యా, ఆయమ్మ ఒళ్ళో తల పెట్టి నిద్రపాయె.

"అటెంక రెండేండ్లు వచ్చె. మూడో ఏడు రాల్యా. మా జేజి కొండ దోవలో పోయి కూసునేది. ఆయమ్మ ఊరి పేరు కూడా తెల్దు, కాలవ కాడ అని తప్ప. నర్సమ్మా, ఆయమ్మ యాడ సచ్చిపాయ? పక్కన ఎవురన్నా ఉన్న్యారా? నోట్లో నీళ్ళు పోసినారా? మా జేజి సచ్చేదాకా అదే అడిగె. నీకేమన్నా తెలిస్తే చెప్పు తల్లీ."

క్యాసెట్ అయిపోయింది. ఇద్దరం ఏడుస్తున్నాం. నాకు ఏడుపొచ్చింది అమ్మమ్మా, ఏడాది తర్వాత. నీ కోసమో, కోటమ్మ కోసమో, చెప్పలేను.

కఫీలు తల్లి కంగారుగా లేచొచ్చింది. ఏమైంది, ఆపరేషను పాడైందా అని అడిగింది. నాకొచ్చిన అరబీలో చెప్పాను, మా అమ్మమ్మకి అమ్మమ్మా, ఈమె ముత్తవ్వా అక్కచెల్లెళ్ళంట, ఇప్పుడే తెలిసింది అని. ఆవిడ ముఖం మీద పరదా ఎత్తి హుస్సేనమ్మనీ నన్నూ మార్చి మార్చి చూసింది. తర్వాత మా మధ్యలో చోటు చేసుకుని కూర్చుంది. మొత్తం మొదట్నించీ చెప్పు అంది. చెప్పాను. తల్లి నడిచివెళ్ళేదా, అంత దూరం, ఒక్కతే? అని రెండుసార్లు అడిగింది. అవునన్నాను. అప్పట్నించి వారం విడిచి వారం హుస్సేనమ్మని నన్ను చూడ్డానికి తనే వెంటబెట్టుకొస్తోంది.

ఇంతైనా నాకు తనివితీరలేదు. ఎండు చేపలు తెచ్చే మనుషులు ఇంకెవరైనా ఉండి ఉండొచ్చు కదా అని ఒక పక్క పీకుతోంది. యోహానుకి ఫోన్ చేసి, టౌనులో పాత చర్చిలో బాప్తిస్మాల పుస్తకాలుంటాయి చూడరా అన్నాను. వాడు ముందు విసుక్కున్నాడు. ట్రాక్టర్ల పని వదిలేసి పుస్తకాలేంటక్కా అన్నాడు. కానీ వెళ్ళాడు. మూడుసార్లు తిరిగాడు. చెదలు తిన్న పుస్తకాల్లో వెతికితే దొరికింది. అక్కణ్ణించే ఫోన్ చేశాడు.

"అక్కా, పద్దెనిమిది వందల డెబ్బై ఎనిమిదిలో రూతు పేరు ఉంది. తల్లి పేరు కోటమ్మ, విధవరాలు, కాలవ పని అని రాసుంది. దాని కింద... ఇద్దరు కుమార్తెలు అని ఉందక్కా. ఒక్కతే కదా బాప్తిస్మం తీసుకుంది? ఇద్దరు అని ఎందుకు రాయించింది?"

ఆ ముక్క మళ్ళీ చదవమన్నాను.

రాసుకునేవాడు అడిగి ఉంటాడు, పిల్లలెంతమంది అని. చంకలో ఒక్కతే. చూసేవాళ్ళకి కనబడేది ఒక్కతే. అయినా ఇద్దరు అంది. అప్పటికింకా తిరిగి వెళ్ళలేదు. పెద్దది బతికుందో లేదో కూడా తెలియని రోజులు అమ్మమ్మా అవి...

ఖాసింబీ అవ్వకి నేను బదులు చెప్పాలి కదా. నువ్వు చెప్పింది తప్ప నాకింకేం తెలుసు? అదే చెప్పాను. శుక్రవారం పొద్దున్న, అందరూ వంట పనిలో ఉంటే, మా హాస్టలు గదిలో తలుపేసుకుని క్యాసెట్ నింపాను.

ఎండాకాలం మొదలు. కోటమ్మ మూట కట్టి గుమ్మం పక్కన పెట్టుకుంది. తెల్లారే బయల్దేరాలి. పొద్దున లేచేసరికి వాంతులు, విరోచనాలు. మధ్యాహ్నానికి కళ్ళు లోపలికి పోయాయి. రూతమ్మకి అప్పుడే పెళ్ళయింది, ఒళ్ళో తల పెట్టుకుని చెంచాతో నీళ్ళు పోస్తూనే ఉంది. కోటమ్మ మాట పడిపోయేదాకా "మూట... మూట" అంటూనే ఉంది. పొద్దు వాలకముందే పోయింది. పల్లె కింద దిబ్బలో మట్టి చేశారు. ఇదంతా చెప్పాను. ఖాసింబీ అవ్వా, ఒంటరిగా పోలేదు, నోట్లో నీళ్ళు పోశారు, మీ జేజి చెల్లెలే పోసింది అని చెప్పాను.

ఒక్కటి మాత్రం చెప్పడానికి నోరు రాలేదు. తర్వాత చెప్పాను. ఆ మూటలో చేపలు దినం రోజున వండి పల్లెకి పెట్టారని. రూతమ్మ ఆ రోజు మొదటిసారి కడుపునిండా చేపలు తిన్నదని. నువ్వు చెప్పేదానివి కదా, "మా అమ్మమ్మ ఆ సంగతి చెప్పి ఏడ్చేది, ఎందుకేడ్చేదో నాకు అర్థమయ్యేది కాదు" అని. నాకు అర్థమైంది అనుకుంటున్నాను. పూర్తిగానా? లేదు...

ఎందుకంటే కోటమ్మ చేసిందంతా తెలిశాక కూడా, రూతమ్మ మీద నాకు జాలి తగ్గలేదు. ఆ పిల్ల ఆకలి నిజమే కదా. వాళ్ళిల్లూ వీళ్ళిల్లూ పట్టుకుని తల్లి ఎప్పుడొస్తుందోనని చూసిన నెలలు నిజమే కదా. కోటమ్మ ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. నీకొక అక్క ఉందే, దాని దగ్గరికి పోతున్నానే అని. ఎందుకు చెప్పలేదు? చెబితే చిన్నది కూడా వెంట వస్తానంటుందనా? తురకల ఇంట్లో బిడ్డ ఉందంటే పల్లె ఏమంటుందోననా? నువ్వుంటే ఇద్దరం కూర్చుని తేల్చేవాళ్ళం.

నేను స్నేహకి చెప్పానా? లేదు. వాళ్ళ నాన్న పోయాక చేతిలో ఏమీ లేక వచ్చాననీ, బస్సులో అది మెడ సాచడమే తలుచుకుంటూ ఒంగోలు దాటేదాకా ఏడ్చాననీ, ఒక్కసారైనా చెప్పానా? ఫోన్ చేస్తే చదువు, మార్కులు, జ్వరం తగ్గిందా... ఇవే. అది "ఊఁ" అంటుంది. నువ్వు పోయాక ఆ "ఊఁ" కూడా చిన్నదైపోయింది. యోహాను ఇంట్లో బాగానే చూసుకుంటున్నారు. కానీ అది నా గురించి ఎవరినీ అడగదంట.

కోటమ్మ కథంతా దానికి ఉత్తరంలో రాశాను. చివర్లో నా సంగతీ రాశాను. బస్టాండు సంగతి. దానికి జవాబు రాలేదు.

ఇక పోయిన శుక్రవారం ఏం జరిగిందో విను.

ఖాసింబీ అవ్వ నా క్యాసెట్ విన్నదంట. గట్టిగా పెట్టించుకుని రెండు రోజులు మళ్ళీ మళ్ళీ విన్నదంట. మూడో రోజున, నన్ను ఆడికి తీసకపోండి అని మనవడి వెంట పడింది. ఎనభై ఏళ్ళ మనిషి, మోకాళ్ళు వంగవు. ఎవరు చెప్పినా వినలేదు. బద్వేల్లో బస్సెక్కి, కొండలు దాటి, రెండు బస్సులు మారి మన ఊరొచ్చింది. కోటమ్మ ఆరేడు రోజులు నడిచిన దారి, ఆమె ఒక పూటలో వచ్చింది. టౌను నుంచి యోహాను ట్రాక్టరులో కాకుండా ఆటో మాట్లాడి తెచ్చాడంట, కుదుపులకి నొప్పి పుడుతుందని.

ఇదంతా నాకు ఎవరు చెప్పారో తెలుసా? స్నేహ. సాయంత్రం నేను ఫోన్ చేస్తే అదే ఎత్తింది. "అమ్మా! ఉండు, ముందు నన్ను చెప్పనీ" అంది. అమ్మమ్మా, దాని గొంతు అంత గట్టిగా నేనెప్పుడూ వినలేదు.

దిబ్బ దగ్గరికి అవ్వని చెయ్యి పట్టుకుని తనే తీసుకెళ్ళిందంట. కోటమ్మని పెట్టిన చోటు నువ్వు దానికి ఎప్పుడో చూపించావంట, నాకు చూపించినట్టే. అవ్వ ముళ్ళకంపలు చేత్తోనే తీసేసి, నేల మీద కూర్చుని, మట్టి మీద అరచెయ్యి పెట్టిందంట. చేతులు చాచి వాళ్ళ ప్రార్థన చేసుకుందంట. యోహాను కూడా పక్కన నిలబడి మన ప్రార్థన చేశాడంట. అంతా అయ్యాక అవ్వ మట్టితో మాట్లాడినట్టు మాట్లాడిందంట. స్నేహ ఆ యాస అలాగే పట్టి చెప్పింది.

"ఇన్నితూర్లు నువ్వే వస్తివి గదమ్మా. ఈతూరి మేమే వస్తిమి."

చెప్పి నవ్వబోయింది. నవ్వలేకపోయింది.

తర్వాత అడిగింది. "అమ్మా, ఆ పీరమ్మకి ఎవరూ చెప్పకుండా ఎలా తెలిసింది, ఆమే అమ్మని?"

నాకు తెలీదన్నాను. నువ్వేమనుకుంటున్నావే అన్నాను. ఆలోచించింది. "ప్రతిసారీ వచ్చేది కదా, అందుకేమో" అంది. ఆగి, గొంతు తగ్గించి, "అవ్వ నన్నడిగింది, మీయమ్మ ఎప్పుడొచ్చాదీ అని. నేనేం చెప్పలేదు. ఏం చెప్పమంటావ్?" అంది.

ఇదివరకైతే వచ్చే సెలవుకి అనేదాన్ని. పండక్కి చూద్దాం అనేదాన్ని. ఈసారి అనలేదు. ఎందుకంటే అప్పటికే ఆసుపత్రిలో రాజీనామా కాగితం ఇచ్చేశాను అమ్మమ్మా. నీకే మొదట చెబుదామనుకున్నాను, దానికే ముందు చెప్పాల్సొచ్చింది. నా స్థానంలో మనిషి రావాలి, మేలో ఫైనల్ ఎగ్జిట్ ఇస్తామన్నారు. ఒంగోల్లో ఏదో ఒక ఆసుపత్రిలో పని దొరక్కపోదు. జీతం ఇక్కడిలా ఉండదు. ఉండకపోతే ఉండకపోనీ.

"మే నెలలో" అని చెప్పాను. "మళ్ళీ వెళ్ళడానికి కాదు" అన్నాను.

"సరే. అవ్వకి చెప్తాను" అంది.

అమ్మమ్మా, నీ దగ్గరికి సమయానికి రాలేకపోయాను. ఆ లోటు తీరదు, నాకు తెలుసు. జూన్లో బడి తెరుస్తారు. ఆ రోజు పొద్దున్నే దానికి తల దువ్వి, రెండు జడలు వేసి, వీధి చివరిదాకా నేనే తీసుకెళ్తాను. ఇది నీకు నేనిస్తున్న మాట.

ఉంటాను.

నీ సునీత